పాత కథల్లోంచి కొత్త పేర్లు: ఉత్తరాంధ్ర ఇళ్లకు ఏవి నప్పుతాయి?

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇప్పుడు బారసాల పిలుపు వస్తే, పేరు చూడగానే అది ఏ ఊరి బిడ్డదో చెప్పడం కష్టం. రియాంశ్, అద్విక్, తన్విక, శ్రీహాన్ లాంటి పేర్లు రాజాంలోనూ అవే, రాజ్‌కోట్‌లోనూ అవే. తల్లిదండ్రుల్ని తప్పు పట్టాల్సిన పని లేదు. వాళ్లకు రెండు కోరికలు. పేరు క్లాసులో ఇంకెవరికీ ఉండకూడదు, పిలవడానికి ఇబ్బంది పెట్టకూడదు. ఈ రెండూ పట్టుకుని ఫోన్‌లో వెతికితే అక్షరాల వరుసలో వేల పేర్లు వస్తాయి. ఒక్కోదాని పక్కన ఒక అర్థం ఉంటుంది. ఆ అర్థం ఏ నిఘంటువులోనూ లేకపోయినా అడిగేవాళ్లు ఉండరు. మూడు నెలలు వెతికి, టెన్షన్ పడి, చివరికి పక్కింటివాళ్లు పెట్టిన పేరుకే ఒక అక్షరం మార్చి పెట్టేస్తున్నారు.

అరుదైన పేరు కావాలనుకునేవాళ్లకు ఇంకో చోటు ఉంది. పాత కథలు, నవలలు, నాటకాలు, వాటికి ముందరి కథాకావ్యాలు. వాటిలో పేర్లు అందంగా ఉంటాయన్నది చిన్న కారణం. పెద్ద కారణం వేరే. జాబితాలో ఉన్న పేరును ఎవరూ పిలిచి చూడలేదు. కథలో ఉన్న పేరును ఎవరో ఒకరు పిలిచారు. తల్లి పిలిచింది, మొగుడు విసుక్కున్నాడు, స్నేహితురాలు ముద్దు చేసింది, ఊరు వెటకారం చేసింది. వంద పేజీలు చదివేసరికి ఆ పేరు నోట్లో ఎలా నలుగుతుందో, కోపంలో ఎలా వినిపిస్తుందో, కురచ చేస్తే ఏమవుతుందో తెలిసిపోతుంది. బిడ్డకు ఆ పేరు పెడితే ముప్పై ఏళ్లకు ఏమవుతుందో చూపించే ఆధారం ఇంతకు మించి దొరకదు.

కథలు పేర్లను పుట్టించిన ఉదాహరణలు ఇంగ్లీషువాళ్ల దగ్గర తేదీలతో సహా దొరుకుతాయి. ఇప్పుడు మామూలు పేరుగా కనిపించే పమేలాను 16వ శతాబ్దం చివర ఫిలిప్ సిడ్నీ తన ‘ఆర్కేడియా’ కోసం కల్పించాడు. 1740లో రిచర్డ్‌సన్ నవలతో అది ఇళ్లలోకి వచ్చింది. వెనెస్సా అనే పేరును జొనాథన్ స్విఫ్ట్ తనకు తెలిసిన ఒక స్త్రీ ఇంటిపేరులోని ముక్కనూ, ముద్దుపేరులోని ముక్కనూ కలిపి తయారుచేశాడు. షర్లీ ఒకప్పుడు మగపిల్లల పేరు. 1849లో షార్లెట్ బ్రాంటీ నవలలో కొడుకు కోసం అనుకున్న పేరును కూతురికి పెడతారు. ఆ తర్వాత అది ఆడపిల్లల పేరైపోయింది. వెండీ అనే పేరు అంతగా వ్యాపించింది 1904 నాటి ‘పీటర్ పాన్’ నాటకం తర్వాతే. మనవైపు ఇంత లెక్కగా ఎవరూ రాసిపెట్టలేదు గానీ, శరత్‌చంద్రుడి నవలలు తెలుగులో ఎంతగా చదివారో ఇంటికో వీధికో ఒక శరత్ ఉండటాన్ని బట్టే తెలుస్తుంది.

మరి ఉత్తరాంధ్ర మనిషి వెతుకులాట మొదలుపెట్టాల్సింది ఎక్కడ? ఇంటి దగ్గరే. అంటే గురజాడ దగ్గర.

విజయనగరంలో పేర్లు పెట్టిన మనిషి

‘కన్యాశుల్కం’ మొదట 1892లో విజయనగరంలోనే ఆడారు. 1897లో అచ్చయింది. ఇప్పుడు మనం చదివేది, చాలా పెంచి తిరగరాసిన 1909 నాటి రెండో కూర్పు. అందులో గురజాడ పేర్లు పెట్టిన తీరు గమనిస్తే మూడు రకాలు కనిపిస్తాయి. కొన్ని పేర్లు చెంపదెబ్బలు. లుబ్ధావధాన్లు అనే పేరు ఏ తల్లీ పెట్టదు, ఆ పిసినారి కోసమే పుట్టింది. కరటకశాస్త్రి పేరులో పంచతంత్రం నక్క ఉంది. కొన్ని ఆనాటి ఇళ్లలో నిజంగా వినిపించినవి. బుచ్చమ్మ, వెంకటేశం, మీనాక్షి, సుబ్బి, పనివాడు అసిరి. మూడో రకం, మంచితనాన్ని నేరుగా పేరులో పెట్టినవి. వకీలు సౌజన్యారావు పంతులు అలాంటివాడు. ఆ ‘సౌజన్య’ ఇప్పుడు ఆడపిల్లల పేరుగా ఇంటింటా ఉంది గానీ, నాటకంలో అది మీసాలున్న పంతులుగారిది.

ఒక కథ ఒక పేరును చంపేయగలదు కూడా. గిరీశం అంటే శివుడి పేరే, ఎంత మాత్రం తప్పు లేనిది. ఐనా ఆ నాటకం తర్వాత గిరీశం అంటే మాటలతో బతికేసే మనిషి అని స్థిరపడిపోయింది. గిరీష్ అంటే ఫరవాలేదు. సున్నా చేర్చి గిరీశం అంటే మాత్రం చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, అందునా విజయనగరంలో. ఈ దెబ్బ నుంచి ఆ పేరు ఇంకా తేరుకోలేదు.

మధురవాణి సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, దాని దగ్గర కొంచెం ఆగాలి. పేరు వినసొంపుగా ఉంటుంది, అరుదు, అర్థం పసిపిల్లకు కూడా తెలుస్తుంది. ఐనా పెద్దవాళ్లు ‘ఆవిడ వేశ్య కదా’ అని వెనక్కి లాగుతారు. నాటకం మొత్తం చదివినవాళ్లకు ఈ అభ్యంతరం నిలవదు. ఆ నాటకంలో అందరికంటే బుర్ర పదునైనది ఆవిడకే. పెద్దమనుషులంతా అబద్ధాలాడుతుంటే, ఎవరి అబద్ధం ఎక్కడిదో ఆవిడకు తెలుసు. చివర్లో మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి, లుబ్ధావధాన్లు మీద పడ్డ హత్యానేరం అబద్ధమని తేల్చే దారి చూపిస్తుంది. అందుకు ముద్దు అడిగి, తీరా అది ఇచ్చే వేళకు, చెడని మనిషిని చెడగొట్టనని తనే వెనక్కి తగ్గుతుంది. సౌజన్యారావు ఆవిడ చేతిలో భగవద్గీత పెడతాడు. ఇంత నిబ్బరం ఉన్న పాత్ర పేరు కూతురికి పెట్టుకోవడానికి సంకోచం ఎందుకు? పైగా ఆ పేరు గురజాడతో మొదలు కాలేదు. 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి ఆస్థానంలో మధురవాణి అనే కవయిత్రి ఉండేది. ఆయన తెలుగులో రాసిన రామాయణాన్ని సంస్కృతంలోకి తెచ్చింది ఆవిడే. కవయిత్రి పేరుగా మూడు వందల ఏళ్లు దాటినది, నాటకంలో పాత్రగా నూరేళ్లు దాటినది. కుదించి పిలిస్తే మధు, మధుర, వాణి, ఏదైనా బాగానే ఉంటుంది. ఉత్తరాంధ్రలో పుట్టే ఆడపిల్లకు పాత సాహిత్యంలోంచి ఒక్క పేరే ఎంచుకోవాలంటే ముందు చెప్పాల్సింది ఇదే.

గురజాడ చిన్న కథ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. అందులో కమలిని ఉంది. రాత్రి ఒంటిగంట దాకా బయట తిరిగి వచ్చే మొగుడికి ఒక ఉత్తరం రాసిపెట్టి, తను పుట్టింటికి వెళ్లిపోయినట్టు నమ్మించి, మంచం కిందే కూర్చుని వినే భార్య. అరిచింది లేదు, ఏడ్చింది లేదు. చదువుకున్న పిల్ల, కలం పట్టి మొగుడి బుద్ధి సరిచేసింది. కమల పేరు అందరికీ తెలుసు. కమలిని అన్నది అంత దగ్గరలోనే ఉండి కూడా ఎవరికీ లేదు. నాలుగు అక్షరాలు, ఒత్తులు లేవు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయడానికి తడబాటు లేదు. అరుదైన పేరుకు ఇంతకంటే ఏం కావాలి?

పూర్ణమ్మ దగ్గర మాత్రం చెయ్యి ఆగుతుంది. దుర్గకు పువ్వులు తెచ్చిచ్చే పిల్ల, ముసలి మొగుడికి ఇచ్చి కట్టబెడితే దుర్గ కొలనులో కలిసిపోయిన పిల్ల. గురజాడ పద్యం చదివిన ఇంట్లో ఈ పేరు వినగానే గొంతు పట్టుకుంటుంది. కన్యక కథ కూడా చితిమంటలోనే ముగుస్తుంది. పాత్రకు పట్టిన గతి బిడ్డకు పడుతుందని భయపడక్కర్లేదు, అలా అయితే సీత పేరు ఎవరూ పెట్టుకునేవాళ్లు కారు. కానీ పేరు చెప్పిన ప్రతిసారీ వినేవాళ్లకు ఏ దృశ్యం గుర్తొస్తుందో తల్లిదండ్రులకు ముందే తెలిసి ఉండాలి. తెలిసే పెడితే పూర్ణ చక్కని పేరు. చివరి ‘అమ్మ’ తీసేస్తే అది ఈ కాలానికీ సరిపోతుంది.

కావ్యాల్లో దొరికేవి

నవలలు పుట్టకముందు నవలలాంటిది మనకు ఒకటి ఉంది. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’. 16వ శతాబ్దం నాటి పద్యకావ్యమే గానీ, అందులో కథ నడిచే పద్ధతి, ఒక కథలోంచి ఇంకో కథ తెరుచుకునే తీరు ఈనాటి నవలాకారులకు కూడా ఈర్ష్య పుట్టిస్తుంది. పేర్ల విషయంలోనూ అది పెద్ద గని. కలభాషిణి, మధురలాలస, అభినవకౌముది, సుగాత్రి, శాలీనుడు, మణికంధరుడు. పురాణాల్లోంచి అరువు తెచ్చుకోకుండా సూరన తన కథకు తగ్గట్టు ఎంచుకున్న పేర్లివి.

వీటిలో సుగాత్రి కథ చిన్నది, చెప్పుకోవలసినది. ఆవిడ భర్త శాలీనుడు. పెళ్లయ్యాక ఆమె నగలతో, పట్టుబట్టలతో ఎంత ముస్తాబై వచ్చినా అతను కన్నెత్తి చూడడు. అతని అత్తగారు, అంటే సుగాత్రి తల్లి, విసిగి అతన్ని తోటపనికి పంపిస్తుంది. భర్త ఒక్కడే ఎండలో కష్టపడుతున్నాడని సుగాత్రికి మనసు ఆగదు. నగలు తీసేసి, చీర బిగించి, తనూ తోటలోకి దిగి పని అందుకుంటుంది. ఆ చెమటలో, ఆ మట్టిలో ఆమెను చూసి శాలీనుడికి ప్రేమ పుడుతుంది. నాలుగు వందల ఏళ్ల కిందటి కవి ఒక అలంకారం లేని, పని చేసే ఆడమనిషిని అందంగా చూపించాడు. ఇంత కథ మోసే పేరు మూడే అక్షరాలు. సుగాత్రి అని పిలిస్తే గొంతు ఎక్కడా ఆగదు. శాలీన అని ఆడపిల్లకు పెట్టుకోవడం కూడా బాగానే ఉంటుంది.

కలభాషిణి, అభినవకౌముది చదవడానికి ఎంత బాగుంటాయో పిలవడానికి అంత బరువు. పేరు ఎలా ఉంటుందో తెలియాలంటే మనవైపు ఒకే పరీక్ష. సందు ఈ చివర నిలబడి ఆ చివర ఆడుకుంటున్న పిల్లను పిలిచి చూడాలి. ‘ఒలే కమలినీ’ అంటే పిలుపు వెళ్తుంది. ‘ఒలే అభినవకౌముదీ’ అంటే పిల్ల వెనక్కి తిరిగేలోపు అమ్మకు ఆయాసం వస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు దాన్ని అభి అనో కౌము అనో చేసేస్తారు, అసలు పేరు ఆధార్ కార్డుకే మిగులుతుంది. కౌముది ఒక్కటే పెడితే ఈ బాధ లేదు.

‘వసుచరిత్ర’ నాయిక గిరిక. విశ్వనాథ ‘వేయిపడగలు’లో దేవదాసి గిరిక కూడా ఉంది. అదే నవలలో పసిరిక అనే విచిత్రమైన పిల్లవాడు, చెట్టూ చేమలతో కలిసిపోయి బతికేవాడు. గిరిక ఈనాటి ‘ఇక’ పేర్ల వరుసలో తేలిగ్గా ఇమిడిపోతుంది. తన్విక, ఆద్విక అని వెతికేవాళ్లకు వాటికి బదులుగా కావ్యంలో వేళ్లున్న పేరు కావాలంటే ఇదే. పసిరికను మాత్రం పేజీలోనే ఉంచేయాలి. అది ఆ పాత్రకు మాత్రమే సొంతం.

అదే విశ్వనాథ నవల ‘ఏకవీర’ మధుర నాయకుల కాలంలో నడిచేది, నాయిక పేరే నవల పేరు. ధైర్యంగా ఉండే పేరు కోరుకునేవాళ్లకు సరిపోతుంది. అడవి బాపిరాజు రాసిన ‘హిమబిందు’ శాతవాహనుల నాటి కథ. ఆ పేరు ఇప్పుడు అరుదేమీ కాదు, ప్రతి కాలేజీలోనూ ఒక హిమబిందు ఉంటుంది. ఆయన ‘గోన గన్నారెడ్డి’లోని అన్నాంబిక ఇంకా అంతగా బయటకు రాలేదు. గుర్రమెక్కి కత్తి పట్టే నాయిక. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో అమృతం, కోమలి ఉన్నారు. అమృత అని ఇప్పుడు చాలామందికి ఉంది గానీ అమృతం అని ఎవరికీ లేదు. ఆ చివరి సున్నాలోనే పాతదనపు నిండుదనం ఉంది.

మగపిల్లల విషయానికొస్తే వెతుకులాట కష్టమవుతుంది. పాత సాంఘిక నవలల్లో మగవాళ్ల పేర్లన్నీ రావులు, శాస్త్రులు, పంతుళ్లు. రచయితలు ఆడపాత్రల పేర్ల మీద పెట్టిన శ్రద్ధ మగపాత్రల మీద పెట్టలేదు. మగవాడు పదవితోనో ఇంటిపేరుతోనో తెలిస్తే చాలనుకున్న కాలం కదా. బుచ్చిబాబు దయానిధి, విశ్వనాథ కిరీటి లాంటివి కొద్దిమందే. ఆ లోటు చందమామ తీరుస్తుంది. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన జానపద ధారావాహికలు కొన్ని తరాల పిల్లల్ని నెల నెలా ఎదురుచూసేలా చేశాయి. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు. ‘ముగ్గురు మాంత్రికులు’లో పింగళుడు. ఇప్పుడు తాతలైనవాళ్లు వీళ్ల పేర్లు వింటే ముఖం విప్పారుతుంది. పింగళ్, జీవదత్త్ ఈనాటి బడి రిజిస్టరులో హాయిగా కూర్చుంటాయి. సాహసం చేసే కుర్రాడి పేరు కొడుక్కి పెట్టుకోవడంలో ఉండే సరదా వేరు.

మన కథల్లో ఉన్న మన పేర్లు

ఇప్పటిదాకా చెప్పినవి సంస్కృతం పాలు ఎక్కువున్నవి, వినగానే పెద్దింటి పేర్లుగా అనిపించేవి. శ్రీకాకుళం, విజయనగరం కథకుల పుస్తకాలు తెరిస్తే వేరే రకం పేర్లు పలకరిస్తాయి. చాసో ‘కుంకుడాకు’లో గవిరి. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో అప్పల్రాముడు. రావిశాస్త్రి రత్తాలు. గురజాడ అసిరి సరేసరి. ఈ పేర్లు మనవైపు తప్ప ఇంకెక్కడా ఇంత దట్టంగా వినిపించవు. కారణం ఏమీ మర్మం కాదు. విజయనగరం పైడితల్లి నుంచి పైడమ్మ, పైడయ్య, పైడిరాజు. సింహాచలం అప్పన్న నుంచి అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, సింహాద్రి. శంబర పోలమాంబ నుంచి పోలమ్మ, పోలినాయుడు. అరసవల్లి దేవుడి నుంచి సూర్యనారాయణ, శ్రీకూర్మం నుంచి కూర్మారావు, కూర్మినాయుడు, శ్రీముఖలింగం నుంచి ముఖలింగం. మనిషి పేరు వింటే ఇంటివాళ్లు ఏ తల్లికి మొక్కుకున్నారో, ఏ గుడికి నడిచి వెళ్లారో తెలిసిపోయేది.

ఈ కథల్లో ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని చెప్పకుండా దాటెయ్యకూడదు. ఆ పేర్లున్న పాత్రలు చాలావరకు పేదవాళ్లు. గవిరి పొలాల్లో పుల్లలు ఏరుకునే పసిపిల్ల. అప్పల్రాముడు అప్పులో నలిగిపోయిన మనిషి. అసిరి పనివాడు. రత్తాలు బతుకు ఎలాంటిదో రావిశాస్త్రి చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. చదువుకున్నవాళ్లకు కమలినులు, కూలివాళ్లకు గవిరులు అని సాహిత్యంలోనే ఒక గీత ఉంది. రచయితలు లోకంలో ఉన్నది ఉన్నట్టు రాశారు. కానీ ఆ గీత మన మనసుల్లోకి కూడా ఎక్కింది. పైడిరాజు అని పేరున్న కుర్రాడు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్తే పి. రాజ్ అవుతాడు. అప్పలనర్సమ్మ అప్పుగా, అప్పు నుంచి అపూర్వగా మారుతుంది. సిగ్గుపడాల్సిన పేర్లన్నట్టు దాచుకుంటున్నాం. ఇది బాధ పెట్టే విషయం, ఎందుకంటే వింటేజ్ పేరు కోసం పరాయి భాషల జాబితాలు తిరగేస్తున్నది కూడా మనమే.

ఈ పేర్లను ఉన్నవి ఉన్నట్టు పెట్టేయమని చెబితే అది మొండితనమవుతుంది. పద్ధతిగా తీసుకోవచ్చు. పైడి రెండక్షరాల పేరు. ఆడపిల్లకు పైడిశ్రీ, పైడి అని మాత్రమే కూడా అందంగా ఉంటుంది. ఏటా దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను చూడటానికి విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నిలబడే జనానికి ఆ పేరు అర్థం చెప్పాల్సిన పనే లేదు. గవిరి అంటే గౌరే. మన నోట్లో మారిన రూపం అది. రాతలో గౌరి, పిలుపులో గవిరి అని పెట్టుకుంటే నాయనమ్మ పిలుపూ నిలుస్తుంది, బడిలో ఇబ్బందీ ఉండదు. అసిరి మగపిల్లవాడికి ఇప్పటి చెవులకు కూడా కొత్తగా, బలంగా వినిపిస్తుంది. అసిరితల్లి పేరున్న ఊళ్లలో అదింకా బతికే ఉంది. నీలమణి దుర్గ ఉన్న పాతపట్నం వైపు నీలమణి అనే పేరుకు ఎప్పుడూ గౌరవమే. రత్తాలు మాత్రం పిలుపుపేరుగా ఉంటేనే దాని తియ్యదనం.

తవిటినాయుడు, తవిటమ్మ, పెంటయ్య, పెంటమ్మ లాంటివి వేరే లెక్క. పుట్టినబిడ్డలు పుట్టినట్టే పోతున్న ఇంట్లో, ఈసారి పుట్టినదాన్ని తవుడిచ్చి కొనుక్కున్నట్టో, పెంటమీద దొరికినట్టో నటించి, మృత్యువు కళ్లు కప్పడానికి పెట్టిన పేర్లవి. ప్రతి తవిటమ్మ వెనక పోయిన అన్నలో అక్కలో ఉన్నారు. ఇవాళ్టి బిడ్డకు ఆ పేరు అక్కర్లేదు, ఆ భయం ఇప్పుడు తగ్గింది. కానీ ఎవరికైనా ఆ పేరుంటే నవ్వడం ఎంత తప్పో తెలుసుకోవడానికి ఈ నేపథ్యం తెలియాలి.

పెట్టేముందు చూసుకోవలసినవి

నక్షత్రం పాదం ప్రకారం అక్షరం రావాలనేవాళ్లు చాలామంది. పాత సాహిత్యం అక్కడ కూడా చెయ్యిస్తుంది. మఖకు మా, మీ, మూ, మే అంటారు. ‘మ’ను ‘మా’ కింద లెక్కపెట్టుకునే ఇళ్లలో మధురవాణి ఒదుగుతుంది. హస్తకు పూ, కాబట్టి పూర్ణ. ధనిష్ఠకు గా, గీ, గూ, గే, అందులో గిరిక. చిత్తకు పే, పో, రా, రీ. అక్కడ రత్నావళి ఉంది, హర్షుడి సంస్కృత నాటికలోనూ, విశ్వనాథ ‘చెలియలికట్ట’లోనూ కనిపించే పేరు. హస్తలోనే ణా, ఠా అనే అక్షరాలు కూడా వస్తాయి. వాటితో పేర్లు ఏ కావ్యంలోనూ దొరకవు గనక చాలా ఇళ్లలో జాతకం పేరు ఒకటి పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాసి, పిలుపుపేరు వేరే పెట్టుకుంటారు. అది పాత పద్ధతే.

పుస్తకం మొత్తం చదివాకే పేరు ఖాయం చేసుకోవాలి. ఇది చాదస్తంగా అనిపించవచ్చు. కానీ ఎవరో చెప్పారని పెట్టి, పదేళ్ల తర్వాత కూతురు ఆ నవల చదివి ‘నా పేరు గల మనిషి ఇలా చేసిందేంటి’ అని అడిగితే చెప్పడానికి జవాబు ఉండాలి. మధురవాణి గురించి అడిగితే ఉంది. సుగాత్రి గురించి అడిగితే ఉంది. శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న కారా మాస్టారు, అంటే ‘యజ్ఞం’ రాసిన కాళీపట్నం రామారావు, ప్రారంభించిన కథానిలయం అలాంటి చదువుకే ఉంది. పాత పత్రికల నుంచి పోగుచేసిన కథలు అక్కడున్నాయి. ఆ పేజీలు తిరగేస్తుంటే పేర్లు వాటంతటవే ఎదురొస్తాయి.

ఇంగ్లీషు స్పెల్లింగ్ విషయంలో మాత్రం ముందే ఒక్కమాట మీద ఉండాలి. మధురవాణిలో ‘ధు’కి ఒక చోట హెచ్ పెట్టి, ఇంకో చోట మానేస్తే పాస్‌పోర్టు దాకా అది వెంటాడుతుంది. సుగాత్రి, కమలిని, గిరిక, పైడి లాంటివాటికి ఈ గొడవ తక్కువ. ఉత్తరాంధ్రలో ఇంటిపేరు ముందు రాసే అలవాటు ఉంది. పొడుగు ఇంటిపేరున్నవాళ్లు పొడుగు పేరు పెడితే బడి ఫారంలో గళ్లు చాలవు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ప్రధాన ఆధారం, బడిలో చేర్పించడానికీ తర్వాతి పత్రాలకూ అదే అడుగుతారు. అందులో పడిన అక్షరాలే చివరిదాకా నడుస్తాయి.

తొందరపడాల్సిన అవసరం కూడా లేదు. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ పేరు అప్పుడే ఇవ్వాలని లేదు. పేరు గడి ఖాళీగా వదిలి, 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కట్టి చేర్పించే వీలుంది. ‘కన్యాశుల్కం’ రెండు రాత్రుల్లో పూర్తవుతుంది. ‘కళాపూర్ణోదయం’ వచనంలో చదివినా ఒక నెల చాలు. బాలింత పడుకున్న వేళ ఇంట్లో ఎవరో ఒకరు పైకి చదివి వినిపిస్తే, ఏ పేరు దగ్గర అందరూ ఆగారో అక్కడే తేలిపోతుంది.